పైపు వాడొద్దన్నారు, పిల్లలేమో వినరు

ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా నీళ్ళ గోలే. కుళాయి రోజు విడిచి రోజు, అపార్ట్‌మెంట్లలో నోటీసులు, ట్యాంకర్ల కోసం ఫోన్లు, ఇంకోపక్క స్కూళ్ళకి సెలవులు, పిల్లలు ఇంట్లోనే, పైన ఉక్కపోత. అందుకే మిగతా ప్రశ్నలు వచ్చే నెలకి జరిపేసి ఈసారికి ఇవే తీసుకున్నా. పేర్లు వెయ్యలేదు, వైజాగ్‌లో ఏ ఏరియానో మాత్రం ఉంచా.

మధురవాడ నుంచి ఒక అమ్మ

*మాకు ఇద్దరండీ, ఏడేళ్ళ పాప, నాలుగేళ్ళ బాబు. పోయిన వేసవిలో గాలి కొట్టే స్విమ్మింగ్ టబ్ కొన్నాం, అయిదడుగులది, టెర్రస్ మీద పెట్టి పైపుతో నింపేవాళ్ళం. ఈసారి మా అసోసియేషన్ వాళ్ళు లిఫ్ట్ పక్కన నోటీసు అంటించారు, టెర్రస్ మీద పైపు వాడకూడదు, టబ్బులు నింపకూడదు, కార్లు పైపుతో కడగకూడదు, చూస్తే ఫైన్ అని. రూల్ తప్పని నేననను, ట్యాంకర్ డబ్బులు మేమూ కడుతున్నాం కదా. కానీ మధ్యాహ్నం మూడయ్యేసరికి ఇద్దరూ ఏడుపు మొదలెడతారు. ఒక్క బకెట్టు నీళ్ళతో ఏమైనా కుదురుతుందా, లేకపోతే ఈ ఏటికి నీళ్ళాట సంగతి మర్చిపోవడమేనా?*

మర్చిపోనక్కర్లేదండీ, బకెట్టు చాలు. ఎందుకు చాలో ముందు చెప్తా, ఆ టబ్ మీద మీకున్న బెంగ కూడా తీరిపోతుంది.

అయిదడుగుల టబ్‌లో జానెడు లోతు నీళ్ళు పోస్తే దాదాపు నాలుగొందల లీటర్లు. నగరాల్లో నీటి సరఫరా లెక్కలు కట్టేటప్పుడు మనిషికి రోజుకి 135 లీటర్లు అని వేసుకుంటారు, అంటే మీ టబ్ ఒకసారి నిండిందంటే ముగ్గురు మనుషుల రోజు నీళ్ళు అందులోకి వెళ్ళిపోయినట్టే. టబ్ వద్దు ఊరికే పైపు పట్టుకుని తడుపుతాం అంటారేమో, మామూలు పైపుకి నిమిషానికి పది పదిహేను లీటర్లు పోతాయి, అరగంట ఆడితే మళ్ళీ అదే లెక్క తేలుతుంది. మీ అసోసియేషన్ వాళ్ళు ఊరికే అంటించలేదు ఆ కాగితం.

ఇంతకీ పిల్లల్ని చల్లబరిచేది టబ్‌లో ఉన్న నాలుగొందల లీటర్లు కాదు, వాళ్ళ ఒంటికి అంటుకున్న తడి. ఆ తడి ఆవిరవుతూ ఒంట్లో వేడిని పట్టుకుపోతుంది. ఒక లీటరు నీరు ఆవిరవ్వాలంటే 580 కిలోకేలరీల దాకా వేడి కావాలి, అందులో మంచి వాటా పిల్లాడి ఒంట్లోంచే పోతుంది. అందుకే గుప్పెడు నీళ్ళు ఒళ్ళంతా పట్టించి గాలిలో నిలబెడితే హాయిగా ఉంటుంది, అదే కుండెడు నీళ్ళు పోసి గాలాడని గదిలో కూర్చోబెడితే పది నిమిషాలకి మళ్ళీ జిడ్డు. మన వైజాగ్‌లో వచ్చిన చిక్కల్లా ఇదే, గాల్లో తేమ ఎక్కువ కాబట్టి తడి బేగి ఆరదు. కాబట్టి ఇక్కడ నీళ్ళకంటే గాలి ముఖ్యం. గాలి తగిలే చోటు చూసుకోండి, గాలి తగిలే టైమ్ చూసుకోండి, నీళ్ళు కొంచెం ఉన్నా సరిపోతాయి.

టైమ్ అంటే మూడు గంటలు మాత్రం కాదు. టెర్రస్ స్లాబ్ మీద ఆ వేళకి కాలు పెట్టలేం, ట్యాంకు నీళ్ళు కూడా టీకి పనికొచ్చేంత వేడిగా దిగుతాయి, ఎండలో పడున్న పైపులో నిలవున్న నీళ్ళయితే పసివాళ్ళకి చర్మం కాలిన సందర్భాలు ఉన్నాయి. ఉదయం కుళాయి వచ్చినప్పుడే ఒక బకెట్టు పట్టి బాత్రూంలో మూత పెట్టి పక్కన పెట్టేయండి, సాయంత్రానికి కూడా చల్లగానే ఉంటుంది. నాలుగున్నర దాటాక వాటర్ ట్యాంకు నీడ పడే వైపు, సముద్రం గాలి తగిలే వైపు చూసుకుని పైకి తీసుకెళ్ళండి. ఆ మూడింటి ఏడుపుకి ఇంట్లోనే ఫ్యాను కింద కూర్చోబెట్టి తడిగుడ్డతో మెడ, చంకలు, మోకాళ్ళ వెనక తుడవండి, ఆ గంటన్నరా గడిచిపోతుంది.

ఇక ఆట సంగతి. ఆ టబ్‌ని పారెయ్యకండి, గాలి కొట్టండి, కానీ నింపొద్దు. ఖాళీ టబ్‌లో పిల్లలిద్దర్నీ నిలబెట్టండి. నూనె క్యాను గానీ రెండు లీటర్ల కూల్‌డ్రింక్ బాటిల్ గానీ ఏదో ఒకటి తీసుకుని బాగా కడిగి అడుగున మేకు వేడి చేసి ఓ పదీ పదిహేను చిన్న కన్నాలు పెట్టండి, మెడకి పురికొస కట్టి బట్టలు ఆరేసే దండేనికి పిల్లల తల పైకొచ్చేలా వేలాడదియ్యండి. మగ్గుతో పైనుంచి పోస్తే జల్లులా పడుతుంది. పడిన నీళ్ళు ఎక్కడికీ పోవు, టబ్‌లోనే ఉంటాయి, పాప మగ్గుతో తోడి మళ్ళీ పోస్తుంది, తమ్ముడి వంతు అయ్యాక అక్క వంతు. పోసేది ఎవరు, తడిసేది ఎవరు అని కొట్టుకుంటారు, కొట్టుకోనివ్వండి, అది కూడా ఆటే. ఒక పద్దెనిమిది లీటర్ల బకెట్టు అలా తిరుగుతూనే అరగంట పైన వస్తుంది. కన్నాలు పెద్దవైతే మాత్రం నీళ్ళు దబ్బున కారిపోయి జల్లు రాదు, సూది కంటే కొంచెం లావు ఉంటే చాలు. మేకు పని పెద్దవాళ్ళదే, పాప చేతికి ఇవ్వకండి.

ఇది విసుగొచ్చిన రోజు ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిల్ చెరొకటి ఇవ్వండి, కొత్తది కొనండి, ఇంట్లో ఫినాయిల్ పోసిన బాటిల్ ఎంత కడిగినా వద్దు. ఒక్కో బాటిల్‌లో అరలీటరు పడుతుంది, ఆ అరలీటరుతో ఇద్దరూ ఒకర్నొకరు అరగంట తరుముకుంటారు. ఇంకోటి, పెయింట్ బ్రష్షూ చెంబుడు నీళ్ళూ ఇచ్చి గోడ మీద బొమ్మలు వెయ్యమనండి, గీసింది గీసినట్టు ఆరిపోతూ ఉంటే మీ చిన్నోడు అది మాయమైందని మళ్ళీ గీస్తాడు. అందులో ఒళ్ళు పెద్దగా తడవదు గానీ మనసు చల్లబడుతుంది, ఆ వయసులో ఏడుపు సగం ఎండకి, సగం తోచకే.

ఆట అయ్యాక టబ్‌లో మిగిలిన నీళ్ళు మొక్కలకి. సబ్బు పడకుండా చూసుకుంటే కరివేపాకుకీ తులసికీ పోసెయ్యొచ్చు. సబ్బు పడితే బాల్కనీ కడగండి, లేదా బకెట్‌లో ఎత్తి బాత్రూం ఫ్లష్‌కి వాడండి. ఆ బకెట్టు వాడిన రోజు వాళ్ళ సాయంత్రం స్నానం మానేయండి, ఇదే స్నానం అనుకోండి. అప్పుడు మీ ఇంటి లెక్కలో ఒక్క మగ్గు కూడా అదనంగా పోనట్టే, అసోసియేషన్ సెక్రటరీ గారు స్వయంగా పైకొచ్చి చూసినా అనడానికేం ఉండదు.

కంచరపాలెం నుంచి ఒక నాయనమ్మ

*మా మనవడికి ఇంకా రెండేళ్ళు నిండలేదు. ఒళ్ళంతా చెమటకాయలు, రాత్రుళ్ళు నిద్దరోడు, గీరుకుంటాడు. మా కాలంలో అయితే బావి గట్టు మీద నిలబెట్టి రెండు చేదలు తోడి పోసీవోళ్ళం. ఇప్పుడు ఆ బావులేవి, కుళాయి పొద్దున్న గంటసేపు వస్తాది, పట్టుకున్నోళ్ళకి పట్టుకున్నంత. కోడలేమో రోజుకి మూడుసార్లు తానం పొయ్యాలంటాది. అన్నేసి నీళ్ళు ఎక్కణ్ణించి తెస్తాం అని నా బాధ. ఏటి చెయ్యమంటారు?*

మూడు స్నానాలు అక్కర్లేదమ్మా, మూడుసార్లు ఒళ్ళు చల్లబరిస్తే చాలు. పొద్దున్న ఒక్క స్నానం పొయ్యండి, అది కూడా పెద్ద బేసిన్‌లో బుడ్డోణ్ణి కూర్చోబెట్టి, సగం బకెట్టు నీళ్ళు సరిపోతాయి. నీళ్ళు అందులోనే ఉంటాయి కాబట్టి తరవాత లెట్రిన్‌లో పొయ్యడానికి పనికొస్తాయి, ఒకసారి ఫ్లష్ నొక్కితే ఆరు నుంచి పది లీటర్లు పోతాయి, అది మిగిలినట్టే. మధ్యాహ్నమూ రాత్రి పడుకునే ముందూ తడిపి పిండిన మెత్తటి నూలు గుడ్డతో ఒళ్ళంతా అద్దండి, రుద్దొద్దు, అద్ది ఫ్యాను గాలి తగలనివ్వండి. పాత చీర ముక్క అయితే ఇంకా మంచిది. దీనికి చెంబుడు నీళ్ళు కూడా పట్టవు. కోడలికి మూడుసార్లు అయిందని తృప్తి, మీకు నీళ్ళు మిగిలాయని తృప్తి.

చెమటకాయలకి అసలు కారణం చెమట బయటికొచ్చే దారులు మూసుకుపోవడం. కాబట్టి మూసేసేవి ఏవీ పుయ్యకండి. కొబ్బరినూనె దట్టంగా రాయడం ఈ ఎండల్లో వద్దు, పౌడర్ డబ్బా ఒంపెయ్యడం అసలే వద్దు, చెమటతో కలిసి మెడ ముడతల్లో ముద్ద కడుతుంది, పైగా ఆ పొడి పసివాడు పీలిస్తే ఊపిరితిత్తులకి మంచిది కాదు. తాటిముంజల నీళ్ళు రాయమని ఎవరైనా చెప్తే రాయండి, చల్లగా ఉంటుంది, కాసేపాగి తడిగుడ్డతో తుడిచెయ్యండి, జిగురు ఉండిపోతే చీమలొస్తాయి. ముంజ గుజ్జు అయితే వాడి నోట్లో పెట్టండి, కానీ మెత్తగా చిదిపి పెట్టండి, జారుడుగా ఉంటుంది కదా గొంతుకి అడ్డం పడే వయసు అది. ఇంట్లో ఉన్నప్పుడు డైపర్ తీసేసి పల్చటి లాగు వెయ్యండి, లేదా మొలతాడుతో వదిలెయ్యండి, మన పిల్లలు ఎలా పెరిగారు చెప్పండి.

పొక్కుల్లో చీము పట్టినా, జ్వరం వచ్చినా, ఎర్రగా వాచినా మాత్రం ఇంటివైద్యం ఆపి డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళండి. అన్నట్టు నీళ్ళు పట్టిన బిందెలూ బకెట్లూ వాడికి అందే ఎత్తులో మూత లేకుండా ఉంచకండమ్మా. నీళ్ళు కరువని ఇంట్లో ఉన్న గిన్నె ప్రతీదీ నింపుకునే ఈ రోజుల్లోనే ఈ ప్రమాదాలెక్కువ. తప్పటడుగుల పిల్లాడు బకెట్టు లోపలికి తొంగిచూసి తలకిందులుగా పడ్డాడంటే వాడంతట వాడు పైకి లేవలేడు, అడుగున నాలుగు అంగుళాలు ఉన్నా ముప్పే, పైగా చప్పుడు కూడా రాదు.

అక్కయ్యపాలెం నుంచి ఒక నాన్న

*ఊళ్ళో ఇంత సముద్రం పెట్టుకుని బకెట్టు లెక్కలేంటండీ, దానికేం రేషన్ లేదు కదా. రోజూ సాయంత్రం పిల్లల్ని ఆర్కే బీచ్‌కి తీసుకెళ్తే సరిపోదా?*

గాలి కోసమైతే రోజూ తీసుకెళ్ళండి, అంత మంచి ఫ్యాను ఇంకోటి లేదు. ఆడించడానికైతే తడిసిన ఇసుక దాకా, అలొచ్చి పాదాలు తడిపే దాకా, మీ చెయ్యి పట్టుకుని. అంతకుమించి లోపలికి వద్దు. మన తీరంలో చాలాచోట్ల నాలుగడుగులు వేసేసరికి కింద ఇసుక జారిపోతుంది, రాళ్ళుంటాయి, గుంటలుంటాయి, నిన్న ఉన్న చోట ఇవాళ ఉండవు. వెనక్కి లాగే కెరటం ఉంటుంది కదా, అది ఈత వచ్చిన వాళ్ళనే లాక్కుపోతుంది. ఇంకో సంగతి, అటూ ఇటూ అలలు విరుగుతూ మధ్యలో ఒకచోట నీళ్ళు నున్నగా కనిపిస్తే అక్కడ బావుంది దిగుదాం అనిపిస్తుంది, చాలాసార్లు నీళ్ళు వేగంగా లోపలికి పోయే దారి అదే. ఏటా వేసవిలో పేపర్లో ఆ వార్తలు చదువుతూనే ఉంటాం, ఎక్కువమంది ఊరు చూడ్డానికొచ్చినవాళ్ళూ కాలేజీ పిల్లలూ. లైఫ్‌గార్డులు విజిలేస్తే చిరాకు పడకుండా వెనక్కి రండి.

రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ అని, శుభ్రమైన బీచ్‌లకిచ్చే గుర్తింపు వచ్చింది కాబట్టి అక్కడ సేఫ్ అనుకునే వాళ్ళున్నారు, శుభ్రతా సదుపాయాలూ వేరు, అల వేరు. అల సర్టిఫికెట్లు చదవదు.

నీళ్ళ లెక్కకి వస్తే, సముద్రానికి రేషన్ లేదు నిజమే, కానీ ఇంటికొచ్చాక ఇసుకా ఉప్పూ వదిలించడానికి ఇద్దరు పిల్లలకి రెండేసి బకెట్లు పోస్తే మీరు మిగిల్చింది ఏమీ లేదు. అందుకని అక్కడే, ఇసుక ఒంటి మీద ఆరిపోయేదాకా ఆగండి, ఆరితే చేత్తో దులిపితే రాలిపోతుంది, తడిగా ఉంటే ఎన్ని నీళ్ళు పోసినా వదలదు. ఇంటినుంచి రెండు లీటర్ల బాటిల్ ఒకటి తీసుకెళ్ళి కాళ్ళూ చేతులూ కడిగించి బండెక్కించండి, ఇంటికొచ్చాక ఒక్క తడిగుడ్డ స్నానం చాలు. అయిదు గంటలలోపు మాత్రం వెళ్ళకండి, మేలో ఆ ఇసుక అరికాళ్ళని బొబ్బలెక్కిస్తుంది.

గాజువాక నుంచి

*నీళ్ళాట ఎలాగూ లేదు, పిల్లల కోసం ఎయిర్ కూలర్ కొందామనుకుంటున్నాం. కొనమంటారా?*

వద్దు. కూలర్ పొడిగాలి ఉన్న ఊళ్ళకి, హైదరాబాద్‌కో నాగ్‌పూర్‌కో. మన దగ్గర గాల్లో తేమ ముందే నిండి ఉంటుంది, కూలర్ దానికి ఇంకాస్త కలిపి గదిని చిత్తడి చేస్తుంది. పైగా పెద్ద సైజు దానికి రోజుకి రెండు మూడు బకెట్లు తాగిస్తూ ఉండాలి. కొన్నవాళ్ళెవరైనా కిటికీలన్నీ బార్లా తెరిచి వాడండి, మూస్తే అసలు పని చెయ్యదు. పడమటి గాలి వీచి ఒళ్ళు చురచురలాడే రోజులు కొన్ని వస్తాయి, ఆ రోజుల్లో మాత్రం బాగా పనిచేస్తుంది. ఆ కొన్ని రోజుల కోసం అంత డబ్బు ఎందుకు, మంచి పెడెస్టల్ ఫ్యాను ఒకటి కొనుక్కోండి.

సీతమ్మధార నుంచి ఒక అమ్మమ్మ

*ఏసీ నుంచి కారే నీళ్ళు రోజూ బకెట్టు నిండుతున్నాయి, ఆర్వో నుంచి వదిలేసే నీళ్ళు ఇంకో రెండు బకెట్లు. ఊరికే పారబోయడానికి మనసొప్పట్లేదు. పిల్లలు ఆడుకోవడానికి ఇవ్వొచ్చా?*

ఏసీ నీళ్ళు వద్దండి. చూడ్డానికి తేటగా ఉంటాయి, మన తేమకి ఏసీ గంటకి లీటరు, ఒక్కోసారి అంతకంటే ఎక్కువే కారుస్తుంది కాబట్టి ఆశ పుడుతుంది, నిజమే. కానీ అవి దుమ్మూ బూజూ పట్టిన కాయిల్ మీదనుంచి దిగి, నాచు పట్టిన సన్నటి పైపులోంచి వచ్చిన నీళ్ళు. పిల్లలన్నాక మూతి పెడతారు, స్ప్రే చేసుకుంటే తుంపరలు పీలుస్తారు. వాటితో ఇల్లు తుడవండి, మొక్కలకి పొయ్యండి, ఉప్పు ఉండదు కాబట్టి మొక్కలకి బ్రహ్మాండంగా పడతాయి.

ఆర్వో వదిలేసే నీళ్ళు కొంత నయం. లోపలికెళ్ళింది మున్సిపల్ నీళ్ళే అయితే బయటికొచ్చేది అదే నీరు, కాస్త ఉప్పు ఎక్కువ, అంతే. పాదాలు ముంచుకుని ఆడటానికి, గోడ మీద బ్రష్‌తో గీయడానికి ఇవ్వొచ్చు, తాగకుండా చూసుకోండి, ఒళ్ళు పేలిపోయిన పిల్లలకి మాత్రం వద్దు. సముద్రం దగ్గరి కాలనీల్లో బోరు నీళ్ళే ఉప్పగా ఉంటాయి, ఆ బోరు నీళ్ళతో ఆర్వో నడుస్తుంటే బయటికొచ్చేవి ఇంకా ఉప్పన, వాటిని బాత్రూంకే వాడండి. మొక్కలకి కూడా రోజూ పోస్తే ఆకుల అంచులు మాడతాయి.

గోపాలపట్నం నుంచి

*టబ్ ఒకసారి నింపి పైన కవర్ కప్పేసి వారమంతా అవే నీళ్ళు వాడుకుంటే ఆదా కదా?*

ఆదా కాదు, దోమల ఫారం. డెంగీ దోమకి అలాంటి తేట నీళ్ళే ఇష్టం, గుడ్డు పెట్టిన వారం పది రోజుల్లో దోమ ఎగిరిపోతుంది. శుక్రవారం డ్రై డే అని చెప్పేది ఇందుకే, వారానికోసారి ఒంపేస్తే ఆ లెక్క తెగిపోతుంది. ఇంకో విషయం చాలామందికి తెలీదు, నీళ్ళు ఒంపేస్తే సరిపోదు, గుడ్లు టబ్ గోడకి అంటుకుని పొడిగా నెలల తరబడి బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు పొయ్యగానే పొదుగుతాయి. కాబట్టి పీచుతో రుద్ది ఆరబెట్టాలి. ఇక ఆ నీళ్ళలో పిల్లలు చేసే పనులు నేను వేరే చెప్పక్కర్లేదు. ఏ రోజు నీళ్ళు ఆ రోజే.

మర్రిపాలెం నుంచి ఒక అమ్మ

*మా వాడికి పదకొండు. మిట్టమధ్యాహ్నం గ్రౌండ్‌లో క్రికెట్, మధ్యమధ్యలో తల మీద నీళ్ళు పోసుకుని మళ్ళీ ఆట. తల తడుపుకుంటున్నా కదా నాకేం కాదు అంటాడు. నిజమేనా?*

కాదు, చెప్పినా వినడని నాకూ తెలుసు, కానీ కాదు. తల మీద పోసుకున్న నీళ్ళు పదిహేను నిమిషాలు హాయినిస్తాయి, లోపల చెమటగా పోయిన నీళ్ళూ ఉప్పూ తిరిగి రావు. పైగా ఆ చల్లదనానికి అలసట తెలీక ఇంకో రెండు ఓవర్లు ఆడతాడు. పదకొండు నుంచి నాలుగు దాకా ఆట బంద్ అనండి, వినకపోతే కనీసం తల మీద పోసుకునే ఆ బాటిల్ తాగమనండి. ఉప్పేసిన పల్చటి మజ్జిగ, నిమ్మరసం, కొబ్బరిబొండం ఏదైనా సరే. ఓఆర్ఎస్ అయితే పెద్ద ప్యాకెట్ మొత్తం ఒక లీటరు నీళ్ళలో ఒకేసారి కలపాలి, గ్లాసుకి చెంచా చొప్పున అంచనాగా కలిపితే ఉప్పు ఎక్కువో తక్కువో అవుతుంది. రుచి బాగుంటుందని షాపుల్లో అమ్మే తియ్యటి డ్రింకులన్నీ ఓఆర్ఎస్ కావు, ప్యాకెట్ చదివి కొనండి.

తలనొప్పి, వాంతి, కళ్ళు తిరగడం వస్తే వెంటనే నీడకి తెచ్చి బట్టలు వదులు చేసి తడిపి ఫ్యాను పెట్టండి. మాట తడబడుతున్నా, తికమకగా ప్రవర్తిస్తున్నా, ఒళ్ళు నిప్పులా కాలిపోతున్నా అది వడదెబ్బే, 108కి ఫోన్ చేసి, వచ్చేలోపు ఒళ్ళంతా నీళ్ళు పోస్తూ విసురుతూ ఉండండి. ఆ టైమ్‌లో మాత్రం నీళ్ళ పొదుపు గురించి ఆలోచించకండి, సంపులో ఉన్నదంతా అయిపోయినా పర్లేదు. స్పృహ సరిగా లేకపోతే నోట్లో నీళ్ళు పొయ్యొద్దు.

ఎంవీపీ కాలనీ నుంచి

*మా పిల్లలు మగ్గుడు నీళ్ళు చల్లుకుంటే కింద ఫ్లాట్ ఆయన కంప్లయింట్ ఇచ్చాడు. ఆయనేమో రోజూ పొద్దున్నే పైపుతో కారు కడుగుతాడు. అసలు చుట్టూ ఇన్ని రిజర్వాయర్లు పెట్టుకుని మనకీ కరువేంటండీ?*

రెండో ప్రశ్న ముందు. ముడసర్లోవ, మేఘాద్రి గెడ్డ, గంభీరం ఇవన్నీ చుట్టుపక్కల కొండల మీద పడ్డ వానకి నిండేవి, వాన తగ్గితే అవీ తగ్గుతాయి. తాటిపూడి గోస్తనీ మీద ఉంది, రైవాడ శారదా నది మీద, అవి కూడా వాన మీద ఆధారపడ్డవే. ఏలేరు నీళ్ళయితే వంద కిలోమీటర్ల పైనుంచి కాలవలో రావాలి, అందులో స్టీల్‌ప్లాంట్‌కీ మిగతా ఫ్యాక్టరీలకీ వాటాలుంటాయి. ఊరేమో భీమిలి దాకా, అనకాపల్లి దాకా పాకింది. ఏప్రిల్ మే వచ్చేసరికి మట్టం దిగుతుంది, జూన్‌లో వానలు మొదలైనా అవి నిండటానికి టైమ్ పడుతుంది, కిందటేడు వాన మోసం చేసిందంటే ఇక చెప్పక్కర్లేదు. సముద్రం పక్కనే ఉందన్న మాటేగానీ అందులో నీళ్ళు తోడుకుని పప్పు ఉడకెయ్యలేం కదా.

ఇక మీ కింద ఫ్లాట్ ఆయన. 2024 మార్చిలో బెంగుళూరులో నీళ్ళకి కటకట వచ్చినప్పుడు అక్కడి జలమండలి తాగేనీళ్ళతో కార్లు కడగడం, తోటలకి పెట్టడం నిషేధించింది, పట్టుబడితే అయిదువేలు ఫైన్ అంది, హోలీకి రెయిన్ డ్యాన్సులకి కూడా ఆ నీళ్ళు వాడొద్దంది. అలాంటి రూలు పెట్టినప్పుడు ముందు ఆగాల్సింది కారు అని నా ఉద్దేశం, కారుకి ఉక్కపొయ్యదు. పదినిమిషాలు పైపు పెడితే వంద లీటర్ల పైమాటే, అదే తడిగుడ్డా అర బకెట్టూ ఉంటే కారు మెరుస్తుంది. మీరు ఆయనతో పోట్లాటకి దిగకండి, మీటింగ్‌లో అందరి ముందూ ఒక్కటే అడగండి, బకెట్టుకి మించి ఎవరూ వాడకూడదు, ఎందుకు వాడారో అడక్కూడదు అని రూలు పెడదామా అని. కారుకి వాడుకుంటారో పిల్లలకి వాడుకుంటారో ఎవరిష్టం వాళ్ళది. ఒప్పుకోకపోతే నాకు మళ్ళీ రాయండి, ఆయన ఏమన్నారో వినాలనుంది.

కాకపోతే ఒక్క మాట, మీ పిల్లలు చల్లిన నీళ్ళు ఆయన ఆరేసిన బట్టల మీద పడి ఉంటే ఆ కంప్లయింట్ వేరే.

పెందుర్తి నుంచి ఒక చిన్న పాఠకుడు, తొమ్మిదేళ్ళు

*అమ్మ నీళ్ళు వేస్ట్ చెయ్యొద్దు అంటోంది. ఫ్రిజ్‌లో ఐస్ ఉంది. ఐస్‌తో ఆడుకుంటే వేస్ట్ అవుతుందా?*

అవ్వదు నాన్నా, పైగా నువ్వు అడిగిందే ఈసారి వచ్చిన ప్రశ్నల్లో నాకు బాగా నచ్చింది. ఇలా చెయ్యి. ఒక స్టీలు గిన్నెలో నీ చిన్న చిన్న బొమ్మలు, గోళీలు, రెండు మందారపూలు వేసి నీళ్ళు పొయ్యి, రాత్రి ఫ్రీజర్‌లో పెట్టు, చోటుందో లేదో అమ్మని అడిగి పెట్టు, చేపలున్న అరలో వద్దు. మర్నాడు మధ్యాహ్నం గిన్నెని రెండు నిమిషాలు నీళ్ళ పళ్ళెంలో ఉంచితే ఐస్ గడ్డ మొత్తం ఊడొస్తుంది. దాన్ని వెడల్పాటి బేసిన్‌లో పెట్టి చెంచాతో, కొంచెం రాళ్ళుప్పుతో లోపల ఉన్న బొమ్మల్ని బయటికి తియ్యాలి. ఉప్పు వేసిన చోట కన్నాలు పడతాయి, చూడు బలే ఉంటుంది. కానీ ఉప్పు చల్లిన ఐస్‌ని చేత్తో పట్టుకుని కూర్చోకు, మామూలు ఐస్ కంటే చాలా చల్లబడి చర్మం మండుతుంది. తమ్ముడో చెల్లో ఉంటే గోళీలు వెయ్యొద్దు, నోట్లో పెట్టేసుకుంటారు.

కరిగిన నీళ్ళలో ఉప్పుంటుంది కాబట్టి మొక్కలకి పొయ్యకు, బాత్రూంలో పొయ్యి. ఉప్పు వెయ్యకుండా ఆడితే మాత్రం మందారానికే పోసెయ్యి.